ఊడ్చిన రోడ్డు

రోడ్డు ఊడ్చారని ఒక ఊరి ఆడవాళ్ల మీద కేసు పెట్టబోయిన ఆఫీసులో నేను ఉద్యోగం చేస్తున్నాను. తవ్వారని కాదు, కబ్జా చేశారని కాదు. ఊడ్చారని. చీపుర్లతో. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా పేరు హేమలత. అసిస్టెంట్ ఇంజనీర్ని. మాది వేంసూరు మండలంలో ఒక తండా. భద్రాచలం అడవి అంచున ఉన్న పల్లె రోడ్లు కొన్ని నా చేతిలో ఉన్నాయి. చేతిలో ఉండటమంటే ఏమిటో చెప్తాను. రోడ్డు పాడైతే తిట్లు తినేది నేను, బాగుంటే ఫోటోలో నిలబడేది నా పై అధికారి, మా డీఈ వేణుమాధవ్ గారు. ఆయన మహా మర్యాదస్తుడు. అందరినీ గారూ అని పిలుస్తాడు, గొంతు పెంచడు, వెన్న రాసినట్టు మాట్లాడుతూనే కొంప ముంచుతాడు.

నల్లవాగు గుంపు అనే కోయ పల్లె మెయిన్ రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. ఆ నాలుగు కిలోమీటర్లూ అడవే. రోడ్డు వెడల్పు చేద్దామంటే అటవీశాఖ ఒప్పుకోదు. మందంగా కొత్త తారు రోడ్డు వేద్దామంటే నిధులు లేవంటారు. ఉన్న పాత రోడ్డేమో పైపొర అరిగి, వాన పడ్డప్పుడల్లా నీళ్లు తాగి కుళ్లిపోతోంది. ఇక మిగిలిన దారి ఒక్కటే. పాత రోడ్డును శుభ్రం చేసి, నీళ్లు కలిసిన తారు, అంటే ఎమల్షన్, దాని మీద పిచికారీ చేసి, అది గోధుమ రంగులో ఉండగానే సన్న కంకర చిప్స్ ఒక్క వరసలో పరిచి రోలర్ తిప్పడం. సర్ఫేస్ డ్రెస్సింగ్ అంటాం. వేలెడు మందం కూడా ఉండదు. పాత గొడుగుకు కొత్త గుడ్డ వేసినట్టు. గొడుగు కొత్తది కాదు గానీ తడవకుండా కాపాడుతుంది. నీళ్లు లోపలికి దిగవు, బండి జారదు.

పల్చటి పొరని చులకనగా చూస్తారు గానీ, దానితో పని చాలా కష్టం. మందం రోడ్డులో చేసిన పాపం ఏడాది దాకా దాక్కుంటుంది. పల్చటి పొరలో వారం తిరక్కుండా బయటపడుతుంది. తారు కాస్త ఎక్కువైతే ఎండకు పైకి ఉబికి అద్దంలా జారుతుంది. తక్కువైతే చిప్స్ రాలిపోతాయి. అందుకే ఆ రోడ్డు మొత్తం నేను నడిచాను. చెట్లు కమ్ముకుని ఎండ పడని చోట తారు కొంచెం పెంచాను. జామాయిల్ లారీలు సారపాక కాగితం మిల్లు వైపు తిరిగే మలుపుల్లో, చక్రాల బరువుకి చిప్స్ బాగా దిగుతాయి కాబట్టి, కొంచెం తగ్గించాను. ముక్క ముక్కకీ వేరువేరు లెక్క వేసి డీఈ గారికి చూపిస్తే ఆయన నవ్వాడు.

"హేమలత గారూ, ఇది రోడ్డా, పోచంపల్లి చీరా? మూరకో రకం ఏంటండీ?"

నేను నవ్వలేదు. ఆయన సంతకం పెట్టాడు. అది చాలు అనుకున్నాను.

నా పట్టుదలకి ఒక కారణం ముత్తక్క. నల్లవాగు గుంపులో ఉంటుంది. యాభై దాటిన మనిషి. ఆమె భర్త దూలయ్యకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. ఆ రోడ్డు మీద మనుషులు ఎక్కడానికి ప్రభాకర్ అనే కుర్రాడి ఆటో తప్ప ఇంకేదీ రాదు. పోయేటప్పుడు ఎలాగో పోతారు. వచ్చేటప్పుడు, ఒంట్లో రక్తమంతా మిషన్లో తిరిగొచ్చిన మనిషిని ఆ గతుకుల్లో నాలుగు కిలోమీటర్లు ఎత్తి కుదేస్తుంటే, దూలయ్య ఆటోలోంచి తల బయటికి పెట్టి వాంతి చేసుకుంటూ ఊరు చేరేవాడు. ఒకసారి నేను నా కళ్లతో చూశాను. ఒకసారి వాగు దగ్గర ఆటో దిగబడి వారం మధ్యలో ఒక డయాలసిస్ తప్పిపోయింది. ఆ రాత్రి మనిషి బతుకుతాడనుకోలేదట.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అని ఊరూరా చెప్పుకుంటున్న కాలం ఇది. నల్లవాగు గుంపుకి అసలు బస్సే లేదు. రోడ్డు బాగుచేస్తే పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు నడుపుతామని డిపో వాళ్లు మాటిచ్చారు. నేను కనిపించినప్పుడల్లా ముత్తక్క అడిగే మాట ఒక్కటే.

"బస్సు ఎప్పుడొస్తది మేడం?"

కాంట్రాక్టు మా జైరాం కాకాకి వచ్చింది. మా తండావాడే, మా నాన్నకి తమ్ముడి వరస. మా నాన్న పోయినప్పుడు, ఆడపిల్ల చదువు ఆపించొద్దని మా అమ్మకి గట్టిగా చెప్పినవాడు. ఆ కృతజ్ఞత నాకు ఉంది. ఉందనే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదానికి నేను కృతఘ్నురాలినని తండాలో చాలామంది అన్నారు.

మెయిన్ రోడ్డు నుంచి మొదటి కిలోమీటరు నేను దగ్గరుండి వేయించాను. పిచికారీ బండి దారిలో రేకు ట్రే పెట్టి, అందులో పడిన తారు తూచి చూశాను. చిప్స్ కడిగించాను. క్రషర్ నుంచి వచ్చిన చిప్స్‌కి ఒళ్లంతా రాతిదుమ్ము ఉంటుంది. పిండి చల్లిన పీట మీద రొట్టె అంటుకోనట్టు, దుమ్ము పట్టిన చిప్స్ తారుకి అంటుకోవు. అందుకే కడగాలి. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు, బద్ధకించకపోతే చాలు.

రెండో కిలోమీటరు మొదలుపెట్టే రోజు డీఈ గారి ఫోను. వేంసూరు వైపు ఎవరో పెద్దమనిషి వస్తున్నారు, ఆ దారిలో గుంతలు పూడ్పించాలి, వెంటనే బయల్దేరండి అని.

"సార్, నేను తిరిగొచ్చేదాకా ఇక్కడ పని ఆపిస్తాను."

"మార్చి నెలండీ. ఆగితే నిధులు వెనక్కి పోతాయి. జైరాం ఉన్నాడుగా, మీవాడే కదా."

మీవాడే కదా! ఆ మాటతో నా నోరు మూయించాడు. నేను వెళ్లాను. ఎవడో ఒక్క పూట కారులో పోయే దారిలో గుంతలు పూడ్చాను. ఆ పెద్దమనిషి చివరికి రానే లేదు. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఇక్కడ నల్లవాగు గుంపు దాకా రోడ్డు అయిపోయింది. ఫోటోలు వచ్చాయి. నల్లగా, అందంగా ఉంది. బస్సు కూడా మొదలైంది. బస్సు ముందు కొబ్బరికాయ కొట్టారట. దూలయ్య కిటికీ పక్కన కూర్చుని దవాఖానాకు పోయి, వాంతి చేసుకోకుండా ఇంటికి వచ్చాడని ప్రభాకర్ ఫోన్ చేసి చెప్పాడు. తన ఆటో కిరాయి పోయినా సంతోషంగా చెప్పాడు. పిచ్చివాడు.

వారం తిరక్కుండానే డీఈ గారి ఫోను మళ్లీ మోగింది.

"హేమలత గారూ, మీ రోడ్డు పోయిందండీ. ఊళ్లో ఆడవాళ్లు చీపుర్లతో చిప్స్ మొత్తం ఊడ్చేశారట. పైన ఉత్త తారు మిగిలింది. నిన్న చిన్న జల్లు పడితే మలుపులో బస్సు జారి చెట్టుకి గుద్దుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. డిపో వాళ్లు బస్సు ఆపేశారు."

ఆయన అదే గొంతుతో అసలు సంగతికి వచ్చాడు.

"గ్రామస్తుల చర్య వల్ల రోడ్డు దెబ్బతిన్నదని మీరొక రిపోర్టు రాసివ్వండి. జైరాం స్టేషన్లో చెప్పి ఉంచాడు, మీ రిపోర్టు పెట్టి కంప్లయింట్ ఇస్తాడు. ఎవర్నీ జైల్లో పెట్టరులెండి, ఫార్మాలిటీ. అది ఉంటే కాంట్రాక్టరు మీద బాధ్యత ఉండదు, మన మీదా ఉండదు."

"మరి రోడ్డు?"

"దానికేముంది, మళ్లీ శాంక్షన్ వచ్చినప్పుడు చూద్దాం."

మళ్లీ శాంక్షన్ అంటే ఏమిటో నాకు తెలుసు. పోయినసారి ఆ రోడ్డుకి తారు తగిలినప్పుడు నేను బడిలో చదువుకుంటున్నాను.

ముందు నాకు కోపం వచ్చింది ఆ ఆడవాళ్ల మీదే. స్కూటీ వేసుకుని నల్లవాగు గుంపుకి పోతూ దారి పొడుగునా వాళ్లని తిట్టుకున్నాను. మొదటి కిలోమీటరు బాగానే ఉంది. అది దాటగానే టైరు కింద తారు చప్పుడు మారిపోయింది, జిగటగా పట్టుకుని లాగుతోంది. కొన్ని చోట్ల బస్సు చక్రాలకి తారు పొరలు పొరలుగా లేచిపోయి కింద పాత రోడ్డు కనబడుతోంది. ఆ తారు నిండా ఇప్పపువ్వు. వేలకు వేల పువ్వులు నల్లగా అతుక్కుపోయి, పైన ఈగలు.

ఊరి మొదట్లోనే ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను బండి స్టాండు కూడా సరిగ్గా వేయలేదు.

"బుద్ధుందా మీకు? రోడ్డు ఊడుస్తారా ఎవరన్నా? బస్సు కావాలె, బస్సు కావాలె అని నా ప్రాణం తీస్తిరి. వచ్చిన బస్సును మీ చేతులతో మీరే పోగొట్టుకుంటిరి!"

వాళ్లలో వాళ్లు కోయలో ఏదో అనుకున్నారు. ముత్తక్క లేచి నిలబడింది. ఆమెకూ నా అంత కోపం ఉందని అప్పుడు చూశాను.

"అవ్, ఊడ్చినం. పొద్దుగాల పోలీసాయన వచ్చి మా పేర్లు గూడ రాసుకోని పోయిండు. నువ్వొచ్చి ఇంకోపాలి రాసుకో. మొదాల నా పేరు రాయి."

"ఎందుకు ఊడ్చినవమ్మా అసలు?"

"పువ్వు ఆరబోయనీకి. ఎప్పుడూ రోడ్డు మీదనే పోస్తం. రాళ్లు తేలిన పాత రోడ్డు మీద గూడ గట్లనే పోసినం. కొత్త పువ్వు ముందుగాల మా పెద్దలకు పెట్టాలె. ఊడ్వని నేల మీద పోసిన పువ్వు పెద్దలకు పెడతమా? చెట్టు కింద ఊడుస్తం, రోడ్డూ ఊడుస్తం. గుంపు గుంపంత పోయి ఊడ్చినం. మన రోడ్డు, కొత్త రోడ్డు అని ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చినం."

పక్కనున్న వనజ అనే అమ్మాయి గొంతు కలిపింది. "పువ్వంత పోయింది మేడం. తారుకు అతుక్కోని ఒక్క గంపెడు గూడ చేతికి రాలే. మాకేం పండుగనా?"

తప్పు చేసినవాళ్లు ఇలా మాట్లాడరు. నాకు అక్కడ కాస్త వేడి తగ్గింది.

"ఎప్పుడు ఊడ్చిన్రు? తారు పోసిన రోజేనా?"

"తారు పోసిన్నాడు ఎట్ల ఊడుస్తం, కాళ్లకు అంటుకోదా? మూడో నాడు. అప్పటికి బస్సు గూడ తిరిగింది."

మూడో నాడు. రోడ్డు వేసిన ఒకటి రెండు రోజుల తర్వాత, అంటుకోకుండా మిగిలిన చిప్స్‌ని ఊడ్చి తీసెయ్యాలి. తీసెయ్యకపోతే బండ్ల చక్రాల కింద ఎగిరి జనానికి తగులుతాయి. ఊడవడం పనిలో భాగం. కాంట్రాక్టరు చెయ్యాల్సిన పని. జైరాం కాకా చెయ్యని పనిని ఈ ఆడవాళ్లు ఉత్తపుణ్యానికి, పైగా భక్తిగా చేసి పెట్టారు. దానికే వీళ్ల పేర్లు పోలీసు రాసుకుపోయాడు.

మిగిలినవి పోవాలి గానీ మొత్తం ఎలా పోయాయి? రోడ్డు అంచున చిప్స్ కుప్పలుగా ఉన్నాయి. కూర్చుని దోసిట్లోకి తీసుకున్నాను. తారులో కూర్చున్న చిప్‌ని బలవంతంగా పీకితే ఒక వైపైనా నల్లగా ఉండాలి. నా దోసిట్లో ఒక్కదానికి కూడా నలుపు లేదు. అన్ని వైపులా తెల్లగా ఉన్నాయి. చేతులు దులుపుకుంటే సున్నం పూసుకున్నట్టు దుమ్ము రేగింది. ఒక్క చిప్ కూడా కడగలేదు. పీట మీద పిండి చల్లి రొట్టె వేసి, అంటుకోలేదని ఎవరినో తిట్టినట్టుంది ఈ వ్యవహారం. ఒక సంచి నిండా ఆ చిప్స్ నింపుకున్నాను.

జైరాం కాకా మెయిన్ రోడ్డు దగ్గర క్యాంపులో మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"రా బిడ్డా, టీ తాగు."

"చిప్స్ ఎందుకు కడగలేదు కాకా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. అబద్ధమాడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "ఆడ వాగు ఎండింది. ట్యాంకర్లు తెప్పియ్యాలె. డీఈ సారు జల్దీ చెయ్యి, జల్దీ చెయ్యి అని రోజూ ఫోన్లు. ఏం జెయ్యమంటవ్?"

"నాకు ఒక్క ఫోన్ చేయమంట."

"చేస్తే ఆపమంటవు."

"అవ్, ఆపమంట. అందుకే చేయలే. సరే, తప్పు చేసినవ్. ఆడోళ్ల మీద కేసెందుకు?"

"గది డీఈ సారు చెప్పిండు. నేనన్ననా? ఇంకోసారి ఏస్తే నేను మునిగిపోత బిడ్డా. నువ్వు మా ఇంటి పిల్లవు. మీ నాయన ఉంటే నాకు ఎదురు నిలబడనిచ్చెటోడా?"

"మా నాయన పేరు తియ్యకు కాకా. ఆయన ఉంటే ముందు నిన్నే నిలదీసెటోడు. దూలయ్య మన తండావాడైతే గిట్లనే ఏస్తుంటివా?"

ఆయన తల తిప్పుకున్నాడు. "కోయోళ్ల కోసం సొంతోళ్లను రోడ్డు మీదికి లాగుతవా?" అన్నాడు. నేను టీ తాగకుండా వచ్చేశాను. ఆ మాట తండాలో మా అమ్మ చెవికి నా కంటే ముందే చేరింది. నల్లవాగు గుంపుకి నాకూ ఏ చుట్టరికమూ లేదు. రోడ్డు నాది, అంతే. నా లెక్క ప్రకారం వేసినట్టు చెప్పుకుని, నా లెక్కని పిండిలో కలిపి పారేస్తే నేనెందుకు ఊరుకోవాలి?

రిపోర్టు రాయనని డీఈ గారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మీరు కొంచెం ఎమోషనల్ అవుతున్నారు. మంగళవారం నేనే వచ్చి చూస్తాను" అన్నాడు. మంగళవారమే దూలయ్య దవాఖానా రోజు. నేను ముత్తక్కకి కబురు పెట్టాను. మీ వాళ్లందరినీ తీసుకుని మొదటి కిలోమీటరు దగ్గరికి రా, ఊడ్చిన చీపుర్లు కూడా తెచ్చుకో అని.

మంగళవారం పొద్దున డీఈ గారి తెల్ల జీపు వచ్చింది. డ్రైవరు శ్రీను ఏసీ ఆపకుండా బండి నీడలో పెట్టాడు. జైరాం కాకా మోటారుసైకిల్ మీద వచ్చాడు. రోడ్డుకి ఒక పక్క ముప్పై మంది దాకా ఆడవాళ్లు, చేతుల్లో చీపుర్లు. కొంచెం అవతల ప్రభాకర్ ఆటోలో దూలయ్య ఒక పక్కకి వాలి కూర్చుని ఉన్నాడు. మొహం, పాదాలు ఉబ్బి ఉన్నాయి.

చీపుర్లు చూసి డీఈ గారు కొంచెం కంగారుపడ్డాడు. "ఇదేంటండీ, ధర్నానా?"

"కాదు సార్, టెస్టు. ఈ కిలోమీటరు కడిగిన చిప్స్‌తో నేను దగ్గరుండి వేయించింది. లోపలిది కడగని చిప్స్‌తో వేసింది. తారు ఒకటే, రోలర్ ఒకటే. చీపుర్ల వల్ల చిప్స్ పోతాయంటున్నారు కదా మీరు. అమ్మా, ఊడవండి. మీ కోపమంతా తీర్చుకోండి."

వాళ్లు ఊడ్చారు. పోలీసు పేర్లు రాసుకున్న కోపం, పువ్వు పోయిన కోపం, బస్సు పోయిన కోపం, అంతా చీపుర్లలోకి దిగింది. ఈనెలు విరిగి ఎగిరాయి. వనజ అయితే చీపురు తిప్పి కట్టె వైపుతో గీకింది. ఆకులు పోయాయి, మట్టి పోయింది. చిప్స్ మాత్రం కదల్లేదు. డీఈ గారు బూటు కాలితో ఒకసారి రుద్ది చూసి, ఎవరైనా చూశారేమోనని కాలు వెనక్కి తీసుకున్నాడు.

నేను సంచిలోని చిప్స్ జీపు బానెట్ మీద గుమ్మరించాను. దుమ్ము లేచి ఆయన చొక్కా మీద పడింది.

"ఇవి లోపలివి. ఒక్కదానికి తారు అంటిందేమో చూపించండి సార్. అంటనిది ఊడితే ఊడ్చినోళ్లది తప్పా? అసలు ఊడవడం కాంట్రాక్టులో ఉన్న పని. మూడో రోజు దాకా ఎవరూ చెయ్యకపోతే వీళ్లు చేశారు. కేసు పెట్టాలంటే ఊడవనివాళ్ల మీద పెట్టాలి."

జైరాం కాకా నేల చూస్తున్నాడు. డీఈ గారు ఒక చిప్ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆయనకి తెలియక కాదు. ఇంజనీరింగ్ నాకంటే ఇరవై ఏళ్ల ముందు చదివాడు. చిప్ బానెట్ మీద పెట్టేసి, చేతులు రుమాలుతో తుడుచుకుని, అదే వెన్న గొంతుతో అన్నాడు.

"సరే అమ్మా. కేసు లేదు, ఏమీ లేదు. అందరూ ఇళ్లకి వెళ్లండి. రోడ్డు సంగతి వానాకాలం వెళ్లాక చూద్దాం."

వానాకాలం వెళ్లాక! ఉత్త తారుతో, పైపొర లేచిపోయిన రోడ్డు ఒక్క జులై కూడా ఆగదు. ఆయనకి అదీ తెలుసు. నేను గెలిచానని అర నిమిషం అనుకున్నాను. తీరా చూస్తే గెలిచింది ఆయన. కేసు వేస్తానని బెదిరించి, దాన్ని తీసేసి దయ చేసినట్టు చూపించి, రోడ్డు మాత్రం ఎగ్గొట్టాడు. నా నోటికి బూతు వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగాను.

ముత్తక్క ఏమీ మింగలేదు. చీపురు వనజ చేతికిచ్చి ఆటో దగ్గరికి పోయింది. దూలయ్యని చంకల కింద చేతులేసి దించింది. మెల్లగా నడిపించుకుంటూ వచ్చి, జీపు ముందు తలుపు తీసి, డీఈ గారు కూర్చునే సీట్లో కూర్చోబెట్టింది. కాళ్లు ఒకటొకటిగా ఎత్తి లోపల పెట్టింది. ఏసీ గాలి మొహానికి తగిలి దూలయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు డీఈ గారు. మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "ఇది గవర్నమెంటు బండి!"

"బస్సు గూడ గవర్నమెంటుదే గద సారూ," అంది ముత్తక్క. "మాకు బస్సు లేకుండ జేసిన్రు. మళ్ల బస్సొచ్చే దాకా గిదే మా బస్సు. దవాఖానాకు పోవాలె, జల్దీ పోనియ్యి."

ఆమె వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. మిగతా ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని జీపు చుట్టూ నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. శ్రీను అద్దంలోంచి డీఈ గారిని చూశాడు. డీఈ గారు నన్ను చూశాడు. నేను దూలయ్యని చూశాను. ఆ మనిషికి ఈ గొడవేదీ పట్టలేదు. మెత్తటి సీటుకి తల ఆనించి నిద్రలోకి జారిపోతున్నాడు.

"దించెయ్యమంటారా సార్?" అని అడిగాను. "మీరే దించండి. నేను ముట్టుకోను."

ఆయన దించలేదు. ముప్పై మంది చూస్తుండగా ఆ ఉబ్బిన కాళ్లని పట్టుకుని బయటికి లాగే ధైర్యం ఆయనకి లేదు. వెనక తలుపు తీసి ముత్తక్క పక్కన, ఒక మూలకి ఒదిగి కూర్చున్నాడు. నేను ఇంకో పక్క ఎక్కాను. జీపు కదిలింది.

భద్రాచలంలో దవాఖానా ముందు దూలయ్యని దింపాక ముత్తక్క శ్రీను కిటికీ దగ్గరికి వచ్చింది.

"సాయంత్రం నాలుగింటికి అయిపోతది తమ్మీ. ఈడనే ఉండు. మళ్ల శుక్రారం పొద్దుగాల గుంపు లోపలికే రావాలె. సారున్నా లేకున్నా."

శ్రీను అలవాటుగా తల ఊపాడు. ముత్తక్క భర్త చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది.

డీఈ గారు రోడ్డు పక్కన నిలబడి చాలాసేపు చొక్కా మీది దుమ్ము దులుపుకున్నాడు. ఫోను తీశాడు, మళ్లీ జేబులో పెట్టాడు. చివరికి నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఆ మూడు కిలోమీటర్లు మళ్లీ వెయ్యాలంటే ఎన్నాళ్లు పడుతుందండీ?"

"మీ బండి ఎన్ని ట్రిప్పులు తిరగ్గలదో దాన్ని బట్టి సార్," అన్నాను.

ఆయన జైరాం కాకాకి ఫోన్ చేశాడు. ఈసారి గారూ లేదు, వెన్నా లేదు. "ట్యాంకర్లు ఎక్కడ దొరికితే అక్కడ పట్టు. శుక్రవారం లోపల పని మొదలుకావాలి," అని అరిచాడు. దవాఖానా గేటు దగ్గర జనం ఆగి చూశారు.